కట్టురాయి మీద రెండు కుండీలు

తమ్మిలేరు పొంగి చాట్రాయి దారి తెగిపోయిన ఏడు అది. క్యాలెండరు లెక్కన అరవై రెండో, అరవై మూడో. మాకు మాత్రం వరద ఏడే. ఆ ఏడు ఒక రాయి గురించి మా ఊరు రెండు పార్టీలైంది. నాకు పార్టీ లేదు. నాకు పని ఉంది.

జగన్మోహనరావు గారి మామిడితోటలో అంట్లు కట్టేవాణ్ణి. నన్ను పెద్దిరాజు అంటారు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఆ రోజు ఎక్కువ మాట్లాడినట్టు.

రాయి ఆయన తోట మొదట్లో, రోడ్డు పక్కన ఉండేది. నడుమెత్తు రాయి, పైన బల్లలా చదును, పక్కన రెండు ఇనప కడియాలు. జమీందారీ రోజుల్లో శిస్తు కట్టని రైతుల్ని ఆ కడియాలకు కట్టి ఎండలో నిలబెట్టేవారు. అందుకే కట్టురాయి. కట్టించింది రావు గారి తాతగారు, వెంకటకృష్ణారావు గారు. ఆయనే అప్పట్లో శిస్తు వసూలుదారు.

ఆ ఏడే రావు గారు సర్పంచ్ అయ్యారు. గెలిచిన వారానికే కట్టురాయి తీసేయాలన్నారు. స్వతంత్రం వచ్చాక బానిసత్వపు గుర్తు మనకెందుకని రచ్చబండ దగ్గర అరగంట స్పీచ్ ఇచ్చారు. పేపరు చదివే సువర్ణరాజు చప్పట్లు కొట్టాడు. పగలగొట్టి రోడ్డుకి కంకర వేయాలని కూడా అన్నాడు. మొక్కజొన్న చేలో కూలికెళ్ళే ముసలాళ్ళు మాత్రం వద్దన్నారు. ఎందుకో చెప్పలేకపోయారు. కొండయ్య ఒక్కడే చెప్పాడు. ఆ రాయి పోతే తను చుట్ట కాల్చుకోవడానికి ఎక్కడ కూర్చోవాలని అడిగాడు.

రావు గారు నా చేతికి గునపం ఇచ్చి పంపారు.

వెళ్ళేసరికి రాయి మీద ఒక పిల్ల కూర్చుని ఉంది. నాగేంద్రమ్మ మనవరాలు పార్వతి. ఊళ్ళో చూస్తూనే ఉండేవాణ్ణి, అంత దగ్గరగా చూడ్డం అదే మొదలు.

"లే," అన్నాను.

"లేవను."

ఎదురుగా గట్టు మీద కూర్చున్నాను. ఆమె నన్ను చూసింది. నేను గునపాన్ని చూసుకున్నాను. వాన మొదలైంది. ఇద్దరం తడుస్తున్నాం. నాకే సిగ్గేసి, నెత్తిన వేసుకున్న గోనెసంచి తీసి ఇచ్చాను.

"నా నెత్తిన గోనె వేసి, నా కిందనించి రాయి లాగుదామనా?" అంది. అని, గోనె తీసుకుంది.

మర్నాడూ వెళ్ళాను. మర్నాడూ కూర్చునే ఉంది. ఆ రెండు రోజుల్లో ఆమె మాట్లాడింది, నేను విన్నాను. ఆమె తాత గంగరాజుని ఆ రాయికి మూడు రోజులు కట్టారట, రోహిణి కార్తెలో. అయినా శిస్తు ఇవ్వలేదట. ఇవ్వడానికి లేక ఇవ్వలేదని ఊరు చెప్పుకునేది. ఇవ్వనని తెగేసి చెప్పి ఇవ్వలేదని ఆయన భార్య నాగేంద్రమ్మ చెప్పేది.

"మరి ఆ రాయి చూస్తే కోపం రాదా?" అన్నాను. నాకది పెద్ద మాట.

"వస్తది. రావాలి. ఇది తీసేస్తే రేపు మా తాతని అసలు కట్టనే లేదంటారు."

నేను గునపం భుజాన వేసుకుని ఇంటికెళ్ళిపోయాను. ఆ రాత్రి సరిగా తినలేదని మా అమ్మ రమణమ్మ వారం రోజులు చెప్పుకుంది.

మూడో రోజు గునపం బదులు రెండు కుండీలు తీసుకెళ్ళాను. ఇప్పటి పిల్లలకు తెలీదు గానీ అప్పట్లో అంటు కట్టడమంటే ఓపిక పని. కుండీలో పెంచిన టెంక మొక్కని మంచి చెట్టు కొమ్మ పక్కకి చేర్చాలి. రెండింటికీ కాస్త బెరడు చెక్కి, ఆనించి, అరటినారతో చుట్టాలి. మూణ్ణెల్లకు రెండూ ఒకటవుతాయి. ఈలోపు కుండీ కదిలిందా, పడిన పాటంతా పోయినట్టే.

ఆ రాయి పైకి వాలి ఉన్న కొమ్మ రావు గారి పెద్ద రసం చెట్టుది. తాతగారు నాటిన చెట్టు. ఆ చెట్టు అంట్లు రెండు, ఊరికి రాబోయే మంత్రి గారికి ఇస్తానని రావు గారు ఊరంతా చెప్పుకున్నారు. నేను కుండీలు పార్వతి పక్కనే, రాయి మీద పెట్టి, కొమ్మకి కట్టడం మొదలెట్టాను.

"ఇదేంటి?"

"అంటు."

"ఎన్నాళ్ళు?"

"మూణ్ణెల్లు."

"ఈలోపు రాయి కదిలితే?"

"పోద్ది."

ఆమె కుండీల వంక చూసింది, కొమ్మ వంక చూసింది, తర్వాత నా వంక చాలాసేపు చూసింది. నవ్వుతూ రాయి దిగింది. మూడు రోజుల్లో నా కళ్ళముందు దిగడం అదే మొదటిసారి.

సాయంత్రం రావు గారు పిలిపించారు. తోటంతా ఉండగా ఆ రాయి మీదే చోటు దొరికిందా అని అడిగారు. కొమ్మ అక్కడే అందుద్దండి అన్నాను. ఆయన పళ్ళు కొరుక్కున్నారు గానీ తాతగారి చెట్టు కొమ్మని కొట్టెయ్యమని అనలేరు. అలా బానిసత్వపు గుర్తుకి మూణ్ణెల్లు వాయిదా పడింది. సువర్ణరాజు నన్ను ప్రగతి నిరోధకుడన్నాడు. అర్థం తెలీక బాధపడలేదు.

కుండీలకు నీళ్ళు పోసే పని పార్వతి తీసుకుంది. వానాకాలంలో నీళ్ళెందుకని నేను అడగలేదు. పొద్దున్నే ముంత పట్టుకుని వచ్చేది. నేను నారకట్లు చూసేవాణ్ణి. చూడాల్సినదానికంటే ఎక్కువే చూసేవాణ్ణి.

"మొక్కలకైనా మాటలు చెప్తావా, వాటితోనూ ఇంతేనా?" అనేది.

"ఇంతే."

"మరి అవి నిన్ను ఎట్టా భరిస్తున్నాయి?"

ఒకరోజు నాగేంద్రమ్మ కూడా వచ్చింది. నన్ను కిందనించి పైదాకా చూసి, ఈ అబ్బాయికి నోరుందా అని మనవరాలిని అడిగింది. ఉందిగానీ వాడడు నాయనమ్మా, దాచుకుంటున్నాడు అంది పార్వతి. ముసలామె నవ్వలేదు. మా ఇంటికొచ్చే మనిషికి నోరుండాలి, మీ తాతకి ఉండేది అని చెప్పి వెళ్ళిపోయింది.

అంట్లు కలుస్తున్నాయి. మూణ్ణెల్లకు ఇంకో పది రోజులుందనగా మంత్రి గారొచ్చే తేదీ తెలిసింది. అంట్లు రాయి మీదే ఉంటాయి, తల్లికొమ్మ నించి వాటిని కోయడం మంత్రి గారి ఎదుటే జరగాలి. అంటే రాయీ ఉంటుంది. రావు గారు బడి వరండాలో మీటింగు పెట్టి, రెండు పార్టీలకూ నచ్చే మాట చెప్తానన్నారు.

రాయి తీయరట. కడియాలు మాత్రం కోయించి, సున్నం వేయించి, పేరు రాయిస్తారట. ఏం పేరో కాగితం తీసి చదివారు. "పశువులు ఒళ్ళు రుద్దుకొనుటకై కీర్తిశేషులు వెంకటకృష్ణారావు గారు వేయించిన రాయి."

సువర్ణరాజు చప్పట్లు కొట్టాడు. ముసలాళ్ళు కూడా రాయి ఉంటే చాలన్నారు. చుట్ట కాల్చుకోవచ్చా అని కొండయ్య అడిగాడు. కాల్చుకోవచ్చన్నారు. అందరూ లేవబోతున్నారు.

పార్వతి లేచింది.

"మా తాతని కట్టిన రాయండీ అది. కట్టినాయన పేరు రాసి ధర్మం అంటారా? రాయి మీద అబద్ధం ఉండకూడదు. ఇందరిలో ఒక్కరికైనా తెలీదా?" అని నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు పెద్దిరాజూ."

రావు గారు కూడా నా వంక చూశారు. ఆయన తోటలో నాకు పని. ఆ పని మీద మా అమ్మా నేనూ బతుకుతున్నాం. నేను నా కాళ్ళ వంక చూసుకున్నాను.

బయట ఆమె నా కోసం ఆగింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు.

"నిన్ను చేసుకుంటానని ఇవాళ మా నాయనమ్మతో చెబుదామనుకున్నా. ఇంక చెప్పను," అంది. వెళ్ళిపోయింది.

పొద్దుగూకేలోపే రాయికి సున్నం పడింది. కడియాలు కోసే మనిషి దొరక్క అవి అలాగే ఉన్నాయి. పేర్లు రాసే పెయింటరు మర్నాడు పది గంటల బస్సులో హనుమాన్ జంక్షన్ నించి వస్తాడన్నారు. లారీల మీద చక్కగా రాస్తాడట.

మర్నాడు నేను తెల్లారగానే లేచాను. మామిడిపళ్ళ పెట్టెల మీద ఊరి పేర్లు వేసే నల్లరంగు, తోట పాకలో అరడబ్బా మిగిలింది. కుంచె కూడా ఉంది. నేను చదివింది మూడో తరగతి. కలకత్తా అని రాయగలిగినవాడికి గంగరాజు అని రాయడం కష్టం కాదు. సున్నం తెల్లగా ఆరి ఉంది. కుండీలకు తగలకుండా, రోడ్డు వైపు, నింపాదిగా రాశాను.

రాయడం అయ్యేసరికి కూలికెళ్ళేవాళ్ళు పదిమంది చేరారు. పార్వతి ముంతతో వచ్చి నిలబడింది. వెనక నాగేంద్రమ్మ. ఇద్దరికీ చదువు రాదు.

"ఏం రాశావ్?" అంది పార్వతి.

"చూడు."

"నాకు రాదని తెలుసుగా. చదువు. గట్టిగా."

అప్పుడే రావు గారు సైకిలు దిగారు. ఎవడ్రా రాసింది అన్నారు. అందులోనే ఉందండి అని, చదివాను. పదిమంది ముందు నేను గొంతెత్తడం అదే మొదటిసారి.

"శిస్తు ఇవ్వనన్న గంగరాజుని వెంకటకృష్ణారావు గారు మూడు రోజులు కట్టిన రాయి. రాసినది గంగరాజు మనవరాలి మొగుడు పెద్దిరాజు."

రావు గారు రాతని చూశారు, కుండీలని చూశారు, జనాన్ని చూశారు. కొండయ్య రాయి వైపు తిరిగి తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. అది చూసి మిగతావాళ్ళూ తీశారు. రావు గారు మళ్ళీ సైకిలెక్కారు. నాగేంద్రమ్మ రాయి దగ్గరికొచ్చి ఒక కడియం పట్టుకుని నిలబడింది.

పార్వతి మాత్రం ముంత కింద పెట్టి, నడుము మీద చేతులు పెట్టుకుంది.

"రెండో ముక్క మళ్ళీ చదువు."

చదివాను.

"అది అబద్ధం కదా. రాయి మీద అబద్ధం ఉండకూడదని నిన్న అరిచింది నేనే. ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"నిజం చెయ్యి," అన్నాను.