సుందరరామయ్య కారు ఎడమ దీపం

నారాయణయ్య తువ్వాలులో చుట్టి తెచ్చిన కారు దీపాన్ని బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకొని నిలబడ్డాడు. బల్లకు అవతల కూర్చున్నది రామనారాయణ. ఆత్మకూరులో ప్రైవేటు డిటెక్టివు అంటే ఆయనొక్కడే. పక్కనే గోవిందయ్య. సైకిలు షాపు తమ్ముడికి వదిలేసి మరీ ఆయన వెంట తిరిగే మనిషి.

"రేపు పదిగంటల్లోగా అసలు దీపం దొరక్కపోతే నన్ను స్టేషన్లో పెడతారంట సామీ. ఇరవై ఎనిమిదేళ్లు తోలినాను ఆ బండి. దొంగ అనిపించుకొని మా ఊరు ఉదయగిరికి ఎట్ట పోయేది?"

ఆ కారు 1927లో సుందరరామయ్య మద్రాసులో కొన్నది. ఆయన పోయి పదేళ్లయినా భార్య వెంకటసుబ్బమ్మ దానికి ఒక్క మర కూడా మార్చనివ్వలేదు. ఈ కార్తీకంలో పాత మోటార్ల పోటీకని జడ్జీలు ఆత్మకూరు బంగళాకు వస్తున్నారు. రంగు వేసి మెరిపించిన బండికి కాదు వాళ్లిచ్చే వెండికప్పు, కంపెనీ నుంచి దిగింది దిగినట్టే ఉన్న బండికి. అందుకని నారాయణయ్య తుప్పు గీకలేదు, చిరిగిన సీటు కుట్టలేదు, పొడిగుడ్డతో దుమ్ము మాత్రం దులిపాడు. కన్నబిడ్డను తలైనా దువ్వకుండా పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టినట్టే మరి. ఆయన మనసు ఎంత పీకిందో ఆయనకే తెలుసు.

"ఇది మీ దీపం కాదని కనిపెట్టిందెవరు?" అని అడిగాడు రామనారాయణ.

"నేనే. పొద్దున దులపతా చూస్తే అంచు లోపల కంపెనీ ముద్ర లేదు. పోయి అమ్మకు చెప్పినాను. అమ్మ మరిది, మా చిన్నయ్య మల్లికార్జున, నువ్వే అమ్ముకోనుంటావు పోరా అన్నాడు."

"బండి ఎక్కడుంది?"

"నాలుగు రోజుల్నించి వెంకటరమణయ్య శెట్టి షెడ్డులో. ఆయనకీ అట్టాంటి బండే ఉండాది, రెండూ ఒకే రోజు కొన్నారు. అదీ పోటీలో ఉండాది. అయినా మంచోడు, పక్కగది మాకిచ్చినాడు." నారాయణయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "మా పెద్దమ్మ, అమ్మకు అత్తగారు, శ్రావణంలో పోయింది సామీ. ఏటిసూతకం, ఇంట్లో పండగా లేదు పబ్బమూ లేదు. ఈ కప్పన్నా వస్తే ఇల్లు తేరుకుంటాదని అమ్మ ఆశ."

రామనారాయణ గుండుసూదితో గాజుకూ ఇత్తడి అంచుకూ మధ్య సందులో గీకాడు. తెల్లకాగితం మీద చిటికెడు ఎర్రటి పొడి రాలింది.

"తుప్పేమో సార్," అన్నాడు గోవిందయ్య.

"వాసన చూడు."

గోవిందయ్య ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "కుంకుమ. ఇంకా వాసన పోలేదు."

మధ్యాహ్నం ముగ్గురూ షెడ్డుకు వెళ్లారు. మల్లికార్జున గడప దగ్గరే అందుకున్నాడు. "తాళంచెవి వీడి మొలతాడుకే ఉండాది. ఇంకెవురు తీస్తారండీ? ఇంతదానికి డిటెక్టివు ఏంది?"

"రెండో చెవి లేదా?"

"నా షెడ్డుకి నా దగ్గర చెవి లేకుండా ఎట్టుంటాదయ్యా," అని శెట్టి నవ్వాడు.

"నారాయణయ్యా, నువ్వు బండి వదిలి ఎప్పుడు పోతావు?"

"పగలు కూటికి పోతాను. గంటసేపు."

రామనారాయణ వెంకటసుబ్బమ్మ కారు కుడి దీపం సందులోనూ సూది పెట్టాడు. అక్కడ రాలిందీ కుంకుమే, కాని నల్లబడి గట్టిపడిన పాత పెళ్లలు. శెట్టి వైపు తిరిగి, దసరాకు మీ బండికి పూజ చేసినారా అని మాత్రం అడిగాడు.

"చెయ్యకపోతే ఎట్ట? కాటాకీ బండికీ ఏ ఏడూ తప్పదు. మా ఇంటిది పద్మావతమ్మ రెండు దీపాలకీ తానే బొట్లు పెట్టింది."

మర్నాడు పొద్దున తొమ్మిదికి అందర్నీ షెడ్డు ముందు చేర్చాడు రామనారాయణ. వెంకటసుబ్బమ్మ బెంచీ మీద కూర్చుంది. నారాయణయ్య ఆమె ముఖం చూడలేక నేల చూస్తున్నాడు.

"అమ్మా, మొన్న దసరాకు మీ బండికి బొట్టు పెట్టారా?"

"సూతకంలో పూజేంది నాయనా?"

"అదీ సంగతి. మీ కుడి దీపంలో ఉన్నది పాత ఏళ్ల కుంకుమ. ఎడమదానిలోది కొత్తది. అంటే ఈ ఎడమ దీపం మొన్న దసరాకు పూజ జరిగిన ఇంట్లో ఉంది. ఈ దీపం సరిపోయే బండి ఈ తాలూకాలో ఇంకొక్కటే. పద్మావతమ్మ రెండు దీపాలకూ బొట్టు పెట్టిందని శెట్టిగారే చెప్పారు. శెట్టిగారూ, మీ బండి మీద కప్పిన పట్టా తీయండి, రెండు దీపాల్లోనూ కొత్త కుంకుమ ఉంటే నేను మీ కాళ్లు పట్టుకొని ఇంటికి పోతాను."

శెట్టి కదల్లేదు. గోవిందయ్య శెట్టి బండి ఉన్న గది తలుపు తోసి పట్టా లాగాడు. కుడి దీపంలో ఎర్రటి కుంకుమ. ఎడమదానిలో నల్లబడిన పాతది తప్ప ఏమీ లేదు. మర విప్పితే అంచు లోపల కంపెనీ ముద్ర కనిపించింది.

"దీపం ముఖం తుడిచారు శెట్టిగారూ, సందు మరిచారు," అన్నాడు రామనారాయణ. "నారాయణయ్య కూటికి పోయిన వేళ, మీ చెవితోనే తీసి మార్చారు."

శెట్టి బెంచీ చివర కూలబడ్డాడు. "దసరాకు ముందు సంగం కాడ ఎద్దులబండి తగిలి నా దీపం పగిలింది. మద్రాసులో నకలు చేయించినాను. ఒక్క దీపం కోసం కప్పు పోతాదని... తప్పయిపోయిందమ్మా."

"తప్పు నాకు చేసింది కాదు," అంది వెంకటసుబ్బమ్మ. "నారాయణయ్యకి చెప్పు."

శెట్టి నారాయణయ్యకు చేతులు జోడించాడు. మల్లికార్జున మీసం నిమురుకుంటూ గోడవైపు తిరిగాడు.

పదిగంటలకు కారు బంగళా ముందు నిలబడింది, తన దీపంతో తాను, దుమ్ము తప్ప ఏదీ పోగొట్టుకోకుండా. జడ్జీలు గంటసేపు కిందా పైనా దూరి చూశారు. చివరికి పెద్దాయన, "మా పుస్తకంలో ఇట్లాంటి బండిని ఇంతవరకు రాయలేదు," అని కప్పు ఈ బండిదేనని చెప్పి, కాగితం తిప్పాడు. "బండిని సిద్ధం చేసినవారు ఇక్కడ రాయాలి."

వెంకటసుబ్బమ్మ పక్కకు జరిగి నారాయణయ్యను ముందుకు తోసింది. మల్లికార్జున గబగబా సిరాదిమ్మె మూత తీసి చాపాడు.

"వేలిముద్ర అక్కర్లేదు చిన్నయ్యా," అన్నాడు నారాయణయ్య, "నాకు సంతకం వస్తాది." జడ్జీ చేతిలో కలం తీసుకొని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, ఇంటిపేరుతో సహా రాశాడు.