రెండు వారాల అబద్ధం

నాకు అక్షరాలు అబ్బింది యాభై దాటాక. ఒత్తులు, దీర్ఘాలు జారిపోయిన చోట మీరే సర్దుకుని చదవండమ్మా. ఈ కాస్త రాయడానికే పది రోజులు పట్టింది.

"నా చెయ్యి తిరగట్లేదేమిటే!"

కత్తెరమ్మ కేకకు కోడలి కుట్టుమిషను ఠక్కున ఆగిపోయింది. బల్ల మీద పరిచిన నీలం గుడ్డ మెడ వంపు దగ్గర మెట్లు మెట్లుగా తెగి ఉంది! ఆ కుట్టు దుకాణంలో నలభై ఏళ్ళుగా కత్తెర పట్టింది ఆవిడ ఒక్కతే. కోడలికి తాళాలిచ్చింది, కొడుకునిచ్చింది, కత్తెర మాత్రం ముట్టుకోనివ్వలేదు.

అయిదు నెలల క్రితం ఆవిడ కుడి మణికట్టులో ఎముకల మధ్య మెత్తటి పొర పూర్తిగా అరిగిపోయిందన్నారు. డాక్టరు రెండు దారులు చెప్పారు. అరిగిన చిన్న ఎముకలు కొన్ని తీసేస్తే చెయ్యి కాస్త వంగుతుంది గాని, నొప్పి మళ్ళీ రావచ్చు. రేకు వేసి ఎముకలన్నీ ఒక్కటిగా అతికిస్తే వేళ్ళు ఆడతాయి, నొప్పి పోతుంది... మణికట్టు మాత్రం ఇక జన్మలో వంగదు! "ముందు గట్టి పట్టీ కట్టుకుని రెండు వారాలు మీ పని చేసి చూడండి. సాగితేనే అతికిద్దాం," అన్నారాయన. పని సాగిందనే అనుకుని అతికించేసుకుంది; ఆ తర్వాత ఆవిడ మళ్ళీ కత్తెర పట్టింది ఇవాళే.

"పట్టీతో ఇరవై గౌన్లు కత్తిరించాను కదే! ఒక్కటి పాడవలేదే!"

కోడలు మిషను వదిలి లేచి వచ్చింది. "అన్నీ పాడయ్యాయి అత్తయ్యా... అన్నీ! మధ్యాహ్నం మీరు నడుం వాల్చగానే అదే రకం గుడ్డ కొత్తగా తెచ్చి నేను మళ్ళీ కత్తిరించి పెట్టాను..."

ఆ సంగతి గుండీలు కుట్టే నాకూ తెలుసు. నోట్లో దారం పెట్టుకుని ఊరుకున్నాను.

"ఎంత పని చేశావే! వంగే దారి ఇంకొకటి ఉందిగా!"

"మంచినీళ్ళ గ్లాసు ఎత్తలేక మీరు గోడకు తిరిగి ఏడ్చేవారు... నిజం చెప్పుంటే చెయ్యి వంగడం కోసం ఆ నొప్పినే కోరుకునేవారు మీరు! నాకు తెలీదా అత్తయ్యా?"

కత్తెరమ్మ తొమ్మిది రోజులు కోడలితో మాట్లాడలేదు. మధ్యలో కొడుకు కలగజేసుకుంటే, "నువ్వు బస్సు నడుపుకోరా, ఇల్లు నడపకు," అని కసిరింది.

పదో రోజు తనంతట తనే బల్ల దగ్గరికి వచ్చింది. బిగిసిన అరచేతిని గుడ్డ మీద మోపి నిలబడింది.

"కదలకుండా పట్టుకుంటాను. కత్తిరించు."

కోడలు కత్తెర అందుకుంది. "నన్ను క్షమించారా అత్తయ్యా?"

"లేదు." ఆవిడ కళ్ళు నిండిపోయాయి. "రాత్రి హాయిగా నిద్రపడుతోందే... ఆ పాడు నొప్పైనా మిగిలుంటే నిన్ను జన్మంతా తిట్టుకునేదాన్ని. అదీ లేకుండా చేశావు! ...ఊఁ, ఇక నువ్వు ఏడుపాపు. గుడ్డ మీద మరకలు పడతాయి."

గుండీల పిన్ని,
అరవై ఎనిమిదేళ్ళు,
ప్రస్తుతం కుట్టు దుకాణం పైన, మెట్ల పక్క గదిలో ఉంటున్నాను.