షానన్ ఒడ్డున భోజన ప్రార్థన

"ఫెబి బతికే ఉంది."

చీఫ్ మధుసూదనరావు ఆ మాట అనగానే ఏజెంట్ శౌరి దవడ బిగుసుకుంది. ఫెబి డబుల్ ఏజెంట్. దేశ రహస్యాలు అమ్ముకుంటూ దొరికిపోయినప్పుడు, అడ్డొచ్చిన నతానియేల్‌ను కాల్చి చంపింది. ఆ తర్వాత కారు ప్రమాదంలో తానూ పోయినట్లు నాటకమాడింది. నతానియేల్ శౌరికి స్వయానా తమ్ముడు. ఫెబికి కాబోయే మొగుడు.

"ఎక్కడ సర్?"

"ఐర్లండ్. మన మిసైల్ సైంటిస్ట్ కేశవరావుగారు వీకెండ్ సరదాగా గడపడానికి లిమరిక్ వెళ్తున్నారు. ఆయన్ని లేపేయడమే ఆమె అసైన్‌మెంట్. టూర్ గ్రూపులో ఒంటరి ఆడవాళ్లు ముగ్గురు. వాళ్లలో ఒకతె ఫెబి. సర్జరీతో మొహం మార్చేసింది."

"ట్రిప్ కాన్సిల్ చేస్తే?"

"మళ్లీ మాయమవుతుంది. కేశవరావుగారు రిస్క్‌కి ఒప్పుకున్నారు. ఆమె నాకు ప్రాణాలతో కావాలి శౌరీ. ఒక్క దెబ్బ కూడా పడకూడదు."

శౌరి తలూపాడు.

లిమరిక్‌లో చినుకులు. ఫెబి గుర్తుపట్టకుండా పెట్టుడు గడ్డంతో, పాస్టర్ వేషంలో శౌరి ఆ ముగ్గురి వెంటే అక్కడి పాత కోటంతా తిరిగాడు. జర్మన్ టీచర్, ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్, బ్రెజిల్ మోడల్. ముగ్గురూ అందగత్తెలే. ఏ ఒక్కరూ ఇసుమంతైనా తేడాగా లేరు. షానన్ నది ఒడ్డున ఉన్న పబ్‌లో లంచ్‌కి కూర్చునేసరికి ముగ్గురూ కేశవరావుకు చేతికందే దూరంలో ఉన్నారు. వేడివేడి చేపల సూప్ వచ్చింది. ఆయన స్పూన్ అందుకున్నాడు.

శౌరి లేచి నిలబడ్డాడు. గుంటూరు చర్చిలో మైకు కూడా అక్కర్లేని గొంతుతో తెలుగులోనే అందుకున్నాడు.

"అందరం కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుందాం. పరిశుద్ధుడవైన తండ్రీ..."

టీచర్ తెల్లబోయి చూసింది. మోడల్ కిసుక్కున నవ్వింది. ఫోటోగ్రాఫర్ చేయి మాత్రం మెడలోని సిల్క్ స్కార్ఫ్‌ను లాగి తల మీద కప్పేసింది. ప్రార్థన అనగానే చెంగు తల మీదికి లాక్కోవడం మన చర్చి ఆడవాళ్లకు ఉయ్యాల నాటి అలవాటు. దాన్ని ఏ సర్జన్ కోసి తీయగలడు?

తన చేయి ఏం చేసిందో ఆమెకు వెంటనే అర్థమైంది. ఉంగరంలోంచి విషపు సూది సర్రున బయటికొచ్చింది. అది కేశవరావు మెడను తాకబోతుండగా శౌరి ఆమె మణికట్టు ఒడిసి పట్టి, ఉంగరం ఊడబెరికాడు.

"బావగారూ... వద్దండీ, నన్ను చంపొద్దు," అంది ఫెబి తెలుగులో.

ఆ పిలుపుకు అతని ఒళ్లు మండింది. సూది ఇప్పుడు అతని చేతిలోనే ఉంది. ఒక్క పోటు చాలు. అప్పుడు కనిపించింది, ఆమె చెవి కమ్మలో మినుకుమంటున్న ట్రాన్స్‌మిటర్. అవతల ఆమె బాసులు వింటున్నారు.

శౌరి ఆ కమ్మ దగ్గరికి వంగి, స్పష్టమైన ఇంగ్లీషులో అన్నాడు: "థాంక్యూ ఫెబీ! నీ బాసుల గురించి నువ్వు పంపిన సమాచారమంతా మాకు అందింది."

"అబద్ధం! వీడు అబద్ధం చెబుతున్నాడు!" ఆమె కెవ్వుమంది.

కమ్మలో వెలుగు ఆరిపోయింది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. వాళ్లు ద్రోహులను ఏం చేస్తారో ఆమెకు బాగా తెలుసు. నతానియేల్ పోయిన నాటి నుంచి ఆ భయాన్ని చూడాలనే శౌరి కాచుకుని ఉన్నాడు. కళ్లారా చూశాడు.

ఐరిష్ పోలీసులు వచ్చేసరికి ఆమే ఎదురెళ్లి బేడీలకు చేతులు చాచింది. కిటికీ లేని సెల్ కావాలని బతిమాలుకుంది.

ఫోన్‌లో చీఫ్ గొంతు కటువుగా ఉంది. "ఆమె ఎందుకలా వణికిపోతోంది? ఏం చేశావ్ శౌరీ?"

"ఏం లేదు సర్. థాంక్స్ చెప్పానంతే."