సర్వభాషిణి

గేట్ల ప్రోగ్రాంని డాక్టర్ వకుళ కొత్త యంత్రంలోకి మారుస్తున్నంతసేపూ దావీదు ఆవిడ వెనకే నిలబడ్డాడు. వేగులేరు రిజర్వాయర్ కంట్రోల్ రూంలో పందొమ్మిదేళ్లుగా ఆపరేటర్ అతను. పాత కంప్యూటర్లు రెండూ తీసేసి, ఆ చోట చిన్న పెట్టె ఒకటి పెట్టారు.

"ఇందులో ఉన్నది వర్చువల్ మెషీన్. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ అనుకోండి," అంది వకుళ. "వాన కొలిచే ప్రోగ్రాం ఒక భాషలో రాశారు, గేట్లది ఇంకో భాషలో. దీని మాట దానికి తెలీదు. మా సర్వభాషిణి అన్ని భాషల్నీ తన సొంత కోడ్‌లోకి మార్చుకుని ఒకే చోట నడుపుతుంది. ఇక అవి నేరుగా మాట్లాడుకుంటాయి."

"ఇన్నాళ్లూ ఆ స్క్రీన్‌లో అంకె చూసి ఈ స్క్రీన్‌లో కొట్టింది నేనే మేడం."

"ఎంతసేపు పట్టేది?"

"అరగంట."

ఆవిడ చిన్నగా నవ్వింది. "ఇప్పుడు నాలుగు సెకన్లు."

అరగంట ఎందుకని ఆవిడ అడగలేదు. తన నిదానం చూసి నవ్విందనుకుని దావీదు చిన్నబోయాడు. అతనూ చెప్పలేదు.

మార్చి నెలాఖరులో పైకొండల మీద అకాల వర్షం విరుచుకుపడింది. మధ్యాహ్నం దావీదు అన్నం డబ్బా మూత తీస్తుంటే కాళ్ల కింద నేల అదిరింది. కిటికీలోంచి చూస్తే తొమ్మిది గేట్లూ వాటంతటవే లేచి ఉన్నాయి.

డబ్బా వదిలేసి ఫోన్ అందుకున్నాడు. దిగువన ఏటి ఇసుకలో పుచ్చపాదులు వేసుకున్నవాళ్ల నంబర్లు అందులో ఉన్నాయి. సైరన్ మోత అంత దూరం పోదు. అందుకని గేట్లు ఎత్తాల్సిన ప్రతిసారీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, అందరూ ఒడ్డెక్కారని విన్నాకే బటన్ నొక్కేవాడు. అరగంట దానికే పట్టేది. చెయ్యమని అతనికి ఎవరూ చెప్పలేదు. ఏ ప్రోగ్రాంలోనూ ఆ మాట లేదు.

మొదటి నంబరు మోగి మోగి ఆగిపోయింది. రెండోది మోగనే లేదు.

మర్నాడు వకుళ వచ్చి రికార్డులన్నీ చూసింది. ఎక్కడా తప్పు లేదు. వాన లెక్క సరిగ్గా వచ్చింది, గేట్లు సరిగ్గా లేచాయి, ఆనకట్ట నిలిచింది.

"ఈ ఫోన్ల సంగతి ముందే ఎందుకు చెప్పలేదు దావీదు గారూ?"

"ప్రోగ్రాములు చూపించమన్నారు మేడం. అవి చూపించాను."

ఆవిడ కీబోర్డు దగ్గరకు జరిగింది. "ఎవరెవరికి ఫోన్ చేసేవారో చెప్పండి. అదీ చేరుస్తాను."

"చింతాడ సన్యాసి. అతని తమ్ముడు ఎర్రన్న. ఎర్రన్న భార్య పైడితల్లి."

ఆవిడ టైప్ చేసింది. "నంబర్లు?"

"వాళ్లకి నంబర్లెందుకు మేడం," అన్నాడు దావీదు. "ముగ్గుర్నీ పొద్దున్న ఒడ్డున పడుకోబెట్టారు. చూసే వచ్చాను."