వంటింట్లో పుట్టిన సైగ

పెళ్ళిచూపులకు హిందూపురం వాళ్ళు పొద్దున్నే వస్తామన్నారు. ఉగ్గాణికి తాలింపు వేస్తున్న నాగమ్మ, వసారాలో నేత పనిలో ఉన్న కూతురి వైపు తిరిగింది. చూపుడువేలిని ఎడమ అరచేతి మీద పెట్టి, మూడు వేళ్ళుగా విప్పుతూ కిందికి జార్చింది. ఇక మగ్గం దిగమని.

సుధకు పుట్టుకతోనే వినపడదు. బడిలో నేర్పిన ఇంగ్లీషు అక్షరాల వేళ్ళ గుర్తులను నాగమ్మ కూడా కూతురితో పాటే నేర్చుకుంది. మగ్గం అనడానికి మొదట్లో ఎల్, ఓ, ఓ, ఎం అని అన్నీ పట్టేవాళ్ళు. రోజంతా అనే మాట కావడంతో మధ్య అక్షరాలు ఎప్పుడో రాలిపోయాయి. అరచేతి మీద ఒక వేలు పెడితే ఎల్, మూడు పెడితే ఎం; ఆ రెంటినీ కలిపిన ఒక్క జారుడు సైగ మిగిలింది. అది ధర్మవరంలో ఆ ఇంట్లో తప్ప ఎక్కడా లేదు.

"పిల్లోడు గార్మెంట్ ఫ్యాక్టరీలో పని చేస్తాడంట. వానికీ వినపడదు. మంచోడే అన్నారు," అన్నాడు ఆమె భర్త ఆదెప్ప, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "ఒకటే చెప్తాండా. ముందే ఫోన్లలో మాట్లాడుకున్న సంబంధమైతే నేనొప్పుకోను. మన పిల్లను ఏమార్చేకి ఎవునికైనా నిమిషం చాలు."

పెళ్ళికొడుకు బాలాజీ వచ్చాడు. వెంట వాళ్ళక్క భాగ్యశ్రీ ఉంది. సుధ కాఫీ ఇచ్చి నిలబడింది. బాలాజీ వసారాలోకి చూసి, చూపుడువేలిని అరచేతి మీద జార్చి మూడు వేళ్ళు విప్పాడు. నీ మగ్గం ఇదేనా అని.

నాగమ్మ చేతిలో పళ్ళెం ఆగిపోయింది. పక్కింటివాళ్ళకే తెలియని సైగ హిందూపురం ఎలా చేరింది?

కూతుర్ని వంటింట్లోకి లాగింది. "ఆ సైగ వానికెవరు నేర్పినారు?" అని చేతులతోనే అడిగింది.

సుధ కూడా చేతులతోనే జవాబిచ్చింది. "నేనే. పెనుకొండలో ఆటల పోటీలప్పుడు కలిసినాం. రోజూ వీడియో కాల్‌లో మాట్లాడుకుంటాం. వాళ్ళక్కకు చెప్పి సంబంధం పంపించింది కూడా నేనే."

"నాకన్నా చెప్పలేదే."

"నీకు చెప్తే నాయనకు చెప్తావని."

"ఏందది, చేతులట్ల ఆడిస్తాండారు?" ఆదెప్ప గుమ్మంలో ఉన్నాడు.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఆయనకు తెలిసే దారి లేదు. అయినా నాగమ్మ ఉన్నదంతా చెప్పేసింది.

ఆదెప్ప మొహం కందిపోయింది. "అందరూ కలిసి నన్ను ఎర్రోణ్ణి చేసినారన్నమాట. కాఫీ తాగి పొమ్మను వాళ్ళను."

"అది కూడా నేనే చెప్పాల్నా?" నాగమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "నీ కూతురు నీకెట్ల చెప్తాదయ్యా? ఇన్నేండ్లలో ఒక్క అక్షరమన్నా నేర్చుకున్నావా? ఆ పిల్లోణ్ణి చూడు. మన మగ్గం మాట నేర్చుకోనొచ్చినాడు."

ఆదెప్ప సుధ వైపు తిరిగాడు. కూతురు తన పెదవుల వైపే చూస్తోంది, ఏం తీర్పు వస్తుందో అని.

అవతలి గదిలోంచి భాగ్యశ్రీ గొంతు వినిపించింది. "మామా, ఈడ వినపడేది నాకొక్కదానికే. అంతా విన్నా. కాఫీ కూడా తాగేసినా. పోవాల్నా, ఉండాల్నా?"

ఆదెప్ప నవ్వు ఆపుకోవాలని చూశాడు, కుదరలేదు. నేరుగా వెళ్ళి బాలాజీ ఎదురుగా కూర్చున్నాడు. సుధను చేత్తో పిలిచి రెండు చేతులూ ఆమె ముందు చాపాడు.

"వీని పేరెట్ల చెప్పాల్నో నాకూ చూపించమను," అన్నాడు భార్యతో.

నాగమ్మ చెప్పకముందే సుధకు అర్థమైంది. దారపు కండెలు తిప్పి కాయలు కాసిన నాయన వేళ్ళను పట్టుకుని ఒక్కో అక్షరం పెట్టించింది. మూడో దానికే ఆయన తప్పాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. బాలాజీ ముందుకు వంగి ఆయన వేలు సరిచేశాడు. సుధ కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"మామా, మా వాని పేరుకు చిన్న సైగొకటి ఉండాది. అదైతే నిమిషంలో వచ్చేస్తాది," అంది భాగ్యశ్రీ.

"ఉండనీమ్మా," అన్నాడు ఆదెప్ప, వేళ్ళ మీంచి చూపు తిప్పకుండా. "నేను మొదట్నుంచి నేర్చుకుంటా."