రెండు పళ్ల పానా

ఆదివారం ఉదయం 7:10.

మఠంపల్లి దాటి సున్నపురాయి క్వారీకి వెళ్లే మట్టిబాట. తుమ్మచెట్ల కింద స్టాండు వేసిన బైక్. దాని పక్కన ఒక మనిషి బోర్లా పడి ఉన్నాడు. వీపు నిండా చిల్లులు.

మొదట చూసింది మేకలు తోలుకుపోతున్న ఈదయ్య. పోలీసులకు ఫోన్ చేశాడు. వాళ్లు వచ్చేదాకా శవం పక్కనే కూర్చుని, పక్కకు తిరిగి ఉన్న ఆ ముఖం మీద ఈగలు వాలకుండా తువ్వాలతో విసురుతూ ఉన్నాడు.

కోదాడ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ సైదయ్య ముందు చూసింది ఆ తువ్వాలనే. తర్వాతే శవాన్ని చూశాడు.

చనిపోయింది వినోద్. నలభై ఒక్క ఏళ్లు. ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీలో సూపర్‌వైజర్. ఎనిమిది అడుగుల దూరంలో ఎర్రటి ఖాళీ తూటా దొరికింది. పన్నెండు బోరు.

అక్కడికి కిలోమీటరు దూరంలో క్వారీ వాళ్ల మందుగుండు గది. దానికి కాపలా అదే ఏజెన్సీ గార్డు దుర్గయ్య. అతని దగ్గర పంప్ యాక్షన్ తుపాకీ. చావుకు రెండు రోజుల ముందు, గురువారం నాడే, సెలవు ఇవ్వలేదని వినోద్‌తో పెద్ద గొడవ పెట్టుకున్నాడు. "నీ సంగతి చూస్త" అన్న మాట నలుగురూ విన్నారు.

పోస్ట్‌మార్టం ప్రకారం చావు శనివారం సాయంత్రం అయిదు, ఆరు మధ్య. ఆ టైంలో దుర్గయ్య ఒక్కడే డ్యూటీలో ఉన్నాడు. చూసినవాళ్లు లేరు.

ఆదివారం 11:50కి తుపాకీ సీజ్ చేసి, దుర్గయ్యను అదుపులోకి తీసుకున్నారు. గురువారం ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. తూటా వెనక క్యాప్ మీద పడ్డ పిన్ గుర్తు ఆ తుపాకీదే.

"కేసు ఖతం సార్" అన్నాడు కానిస్టేబుల్ బీక్యా.

సైదయ్య రెండో పేజీ తిప్పాడు. గొట్టం లోపల పాత తుప్పు. కొత్త మందు మసి లేదు.

"పిన్ను కొట్టింది. గొట్టం పేలలేదు. ఇదెట్లా బీక్యా?"

"తుడిచి ఉంటడు సార్."

"మసి తుడిచినవాడు తుప్పును వదిలిపెడతాడా?"

బీక్యా తల గోక్కున్నాడు. ఇంతలో సూర్యాపేట నుంచి పెద్ద ఆఫీసర్ ఫోన్. కస్టడీ రేపు సాయంత్రం అయిదింటికి అయిపోతుంది. ఆలోగా కొత్త సంగతేమీ తేలకపోతే దుర్గయ్య మీద హత్య చార్జిషీట్ వేసేయాలి.

* * *

మధ్యాహ్నం కాటమ్మ మొగుడికి అన్నం తెచ్చింది. రెండు చేతులతో కలుపుకొని తినడానికి వీలుగా సైదయ్య బేడీలు తీయించాడు. ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"శనివారం నీ దగ్గరికి ఎవరొచ్చారు?"

"ఎవరు రాలే సార్. మా మహేషే జరసేపు వచ్చిపోయిండు."

మహేష్ ఏజెన్సీలో తుపాకులు చూసే మెకానిక్. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఫిట్టర్‌గా పని నేర్చినవాడు. ఇప్పుడు ఏజెన్సీ స్టోర్ రూమ్ కూడా మిర్యాలగూడలోనే, అతని చేతుల్లోనే ఉంది.

"ఎన్నింటికి?"

"ఆరున్నరకు. శుక్రవారం సర్వీసింగ్‌కు వచ్చినప్పుడు నూనె డబ్బా మర్చిపోయిండట."

"తుపాకీ ముట్టుకున్నాడా?"

"జర తుడిచిస్త అన్నడు. నేను చాయ్ పెట్టిన."

"ఎంతసేపు?"

"చాయ్ మరిగేంతసేపు."

"శుక్రవారం కూడా చాయ్ పెట్టావా?"

దుర్గయ్య ఆలోచించాడు. "పెట్టిన సార్. చాయ్ పెట్టన్నా అని ఆయనే అన్నడు."

"మహేష్‌కు నీ మీద కోపమేమైనా ఉందా?"

కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. కాటమ్మే అందుకుంది.

"చెప్పరాదు? సారు అడుగుతుండు కద."

"పోయిన వానకాలం ఆయన తమ్ముడు ముఖేష్ పోయిండు సార్. మా తీర్గనే గార్డు. చేతుల గన్ను పేలింది. నేను పక్కనే ఉన్న."

"ఏమని సాక్ష్యం చెప్పావు?"

"ముఖేష్ ఆటలాడిండని. వినోద్ సార్ గట్లనే చెప్పమన్నడు."

"నిజంగా ఆడాడా?"

దుర్గయ్య అన్నం ముద్ద తిరిగి గిన్నెలో పెట్టేశాడు.

* * *

సాయంత్రం ఏడింటికి సైదయ్య మహేష్‌కు ఫోన్ చేశాడు.

"ఈ గన్ లోపలి బోల్ట్ బయటికి తీసి చూడాలి. నువ్వు తీయగలవా?"

"దానికి స్పెషల్ పానా కావాలె సార్. కంపెనీది. మా దగ్గర లేదు. నేను ఈ గన్నులెప్పుడూ అంతదాక విప్పలే. పైపైన నూనె పెడత, అంతే."

"హైదరాబాద్ పంపితే పది రోజులు. నాకు రేపే కావాలి. ఎట్లాగో ఒకట్ల చూడలేవా?"

"పైపు ముక్కతోని చేసుకోవచ్చు. పొద్దున చేసుకొని తెస్త. విప్పి చూస్తే పిన్ను ఆ గన్నుదేనని తేలిపోతది సార్. మీ అనుమానం కూడా పోతది."

మర్నాడు పొద్దున సైదయ్య ఉల్లిపాయలు తరుగుతున్నాడు. కత్తిపీటలో ఇనుము చెక్కలో దిగినచోట, సందులో సన్నగా పసుపుపచ్చ. భార్య లింగమ్మ దసరాకు ఇంట్లో ఏ ఇనుప వస్తువునూ వదిలేది కాదు. కత్తిపీట, పార, చివరికి ఆయన లాఠీ కొసనున్న ఇనుప పొన్ను కూడా. పసుపు పూసి బొట్టు పెట్టాల్సిందే. ఆమె పోయాక మూడు దసరాలు గడిచాయి. రోజూ కడిగినా ఆ సందులోది మాత్రం పోలేదు. ఆయనా గీకి తీయలేదు.

* * *

శుక్రవారం 9:30. కోదాడ పోలీస్ స్టేషన్.

మహేష్ టూల్‌బాక్స్ మోసుకుని వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. గోళ్ల నిండా గ్రీజు. పెట్టె తెరిచాడు. సుత్తి, పట్టుకారు, ఆకురాళ్లు. ఒక్క కొత్త స్క్రూడ్రైవర్ తప్ప అన్నిటి మీదా ఎండిపోయిన పసుపు, కుంకుమ బొట్లు. దసరా పోయి రెండు వారాలు.

గుడ్డలో చుట్టిన పానా తీశాడు. జానెడు ఇనుప పైపు ముక్క. ఒక చివర రెండు పళ్లు మిగిలేలా రాసి ఉంది.

"ఎప్పుడు చేశావు?"

"ఇయ్యాల పొద్దున ఆరింటికి మొదలువెట్టిన సార్. ఆకురాయి పట్టే సరికి గంటన్నర అయింది."

పళ్లు తుపాకీ ముందుపట్టు లోపలి గుండ్రటి నట్టు గాట్లలో మొదటిసారే సరిగ్గా కూర్చున్నాయి. రెండోసారి రాయాల్సిన పని పడలేదు. నట్టు కదిలింది. బోల్ట్ బయటికి వచ్చింది. నాలుగు నిమిషాలు.

"మంచి పనివాడివి" అన్నాడు సైదయ్య. మనస్ఫూర్తిగానే అన్నాడు.

పానా చేతిలోకి తీసుకుని కిటికీ వెలుతురులో తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు.

"బీక్యా, నువ్వు మిర్యాలగూడ పోయి రా. స్టోర్‌లో ఇదే కంపెనీది ఇంకో గన్ ఉండాలి. అది పట్రా. మహేష్, నువ్వు కూర్చో. చాయ్ తాగు."

* * *

మధ్యాహ్నం 2:40. బీక్యా తిరిగొచ్చాడు.

గదిలో దుర్గయ్య, కాటమ్మ, మహేష్. టేబుల్ మీద రెండు తుపాకులు. మధ్యలో పానా.

"పంప్ గన్‌లోంచి వచ్చేవి సీసపు రవ్వలు. వాటి మీద గొట్టం గుర్తులు ఉండవు" అన్నాడు సైదయ్య. "గుర్తు పడేది క్యాప్ మీద. అది కొట్టే పిన్ను ఉండేది బోల్ట్‌లో. బోల్ట్ మారిస్తే గుర్తు మారిపోతుంది. పోయిన శుక్రవారం ఎవరో దుర్గయ్య గన్ బోల్ట్ తీసి ఈ రెండో గన్‌లో, దీనిది అందులో వేశారు. శనివారం దీనితో వినోద్‌ను కాల్చారు. ఆరున్నరకు వచ్చి దేని బోల్ట్ దానికి పెట్టేశారు. దుర్గయ్య రెండుసార్లూ చాయ్ పెట్టాడు."

బీక్యా రెండో తుపాకీ గొట్టం చూపించాడు. కొత్త మసి. నట్టు మీద మెరిసే గీతలు.

"అది పాత గన్ను సార్" అన్నాడు మహేష్. "టెస్టింగ్‌కు కాల్చిన. గీతలు ఎప్పటివో ఏమో. పానా నేను చేసిందే ఇయ్యాల కద."

"ఇవాళ చేసిన పానాకు దసరా పసుపు ఎట్లా అంటింది?"

మహేష్ పానా వైపు చూశాడు.

"కిరసనాయిల్‌తో తుడిచావు. వాసన వస్తోంది. పళ్ల మొదట్లో, మూలల్లో, గుడ్డ దూరనిచోట పసుపు మిగిలింది. దాని మీద చిటికెడు కుంకుమ. నీ పెట్టెలో స్క్రూడ్రైవర్ ఒకటి దసరా తర్వాత కొన్నావు. దానికి బొట్టు లేదు. దీనికి ఉంది. అంటే పండగ నాటికే ఇది తయారై ఉంది. పూజలో మిగతా వాటి పక్కన కూర్చుంది. ఇవాళ పొద్దున చేశానని ఎందుకన్నావు?"

"తుడిచిన గాని" అన్నాడు మహేష్. గొంతులో కోపం లేదు. "బొట్టు పెట్టకుండ ఎట్ల ఉంట సార్? నా చేతులతోని చేసిన. అన్నిటికి పెట్టి దాన్ని ఒక్కదాన్ని పక్కకు పెడతనా? అది ఏం పాపం చేసింది?"

"వినోద్ ఏం చేశాడు?"

"గా గన్ను ఖరాబైంది, హైదరాబాద్ పంపుదమన్న. వినలే. నువ్వే ఏదో ఒకటి చెయ్ అన్నడు. ముక్కలు అతికించి బిగించి ఇచ్చిన. మల్ల చెప్పిన, ఇది నమ్మేటట్టు లేదు, డ్యూటీకి ఇయ్యొద్దు అని. నా తమ్మునికే ఇచ్చిండు. వాడు భుజానికి తగిలించుకుంటుంటే పేలింది. నేను బిగించిందే సార్. నా చేతులే." అరచేతులు చూసుకున్నాడు. "వినోద్ రిపోర్ట్‌ల ఏం రాసిండు? తాగి ఆటలాడిండని. మా అమ్మకు అది చదివి వినిపించిన్రు."

"అందుకే వినోద్‌ను చంపావు. దుర్గయ్యను ఇరికించావు."

"ఇరికించిన." దుర్గయ్య వైపు తిరిగాడు. "అన్నా, నువ్వు పక్కనే ఉన్నవ్ గద. ఇప్పుడన్న చెప్పు. వాడు ఆడిండా?"

కాటమ్మ మొగుడి ముఖంలోకి చూసింది. అయిదింటికి ఇంటికి పోబోతున్న మనిషి. ఇప్పుడు నోరు విప్పితే పాత అబద్ధం తన మెడకే చుట్టుకుంటుంది. ఉద్యోగమూ ఉండదు.

ఆమె మాత్రం వద్దనలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, మోచేత్తో అతన్ని చిన్నగా పొడిచింది.

"లేదు తమ్మీ" అన్నాడు దుర్గయ్య. "తాగలే. ఆటలాడలే. బెల్టు భుజానికి ఏసుకుంటుండె. ఇంటికి పోయేటప్పుడు మక్కగారెలు తీస్కపోత అన్నడు. గంతే. గన్నే పేలింది."

మహేష్ టేబుల్ మీదికి వంగిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు.

సైదయ్య లేచి అతని ముందు నీళ్ల గ్లాసు పెట్టాడు. పానాను కవర్లో వేశాడు. మూలల్లోని పసుపు రాలకుండా మెల్లగా మూతి అంటించాడు. టైం 3:25 అని రాశాడు.

"బీక్యా, ముందు దుర్గయ్య మాట రాసుకో."

"ఈ కేసులోనా సార్?"

"కాదు. ముఖేష్ ఫైల్ తెరువు."