చర్చి బావికాడి తెల్ల ముసుగులు

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, ఎర్రబస్సు ఆగీ ఆగనట్టు ఆగే ఒక ఊరుండాది. పేరు చెప్పను. ఆ ఊరోళ్లు ఇంకా బతికే ఉండారు, నా ఇంటి దారి వాళ్లకు బాగా తెలుసు.

ఆ ఊరికి బయట, అంటరానోళ్లని ఊరు దూరం పెట్టినోళ్ల గేరి చివర ఒక చిన్న చర్చి. దాని పక్కన బావి. ఆ కాలంలో పొద్దు మునిగినాక ఆ బావి దిక్కు తలతిప్పి చూసిన మగోడు లేడు.

ఎందుకంటే— నడిరేయి కాగానే చర్చి ముందర గంట మాదిరి వేలాడగట్టిన రైలుపట్టా ముక్క ఒక్కసారి ఠంగుమంటుంది. కొట్టిన మనిషి కనపడడు. వెంటనే గేరిలో దీపాలు ఒకదాని వెనక ఒకటి ఆరిపోతాయి. అప్పుడు వస్తాయి... తెల్లగా, ముఖాలు లేని ఆకారాలు. బావి చుట్టూ తిరుగుతాయి. మాట ఉండదు. గిలక తిరుగుతుంది గానీ కిర్రుమనదు.

గొర్రెల కాపరి అయ్యన్న ఒక రాత్రి చూసినాడు. వాని జ్వరానికి కప్పిన కంబళ్లు పొగలు కక్కినాయంటే నమ్మండి.

డెబ్బైల్లో పెద్ద కరువొచ్చిన ఏడు అది. ఊర్లో బావులన్నీ నోళ్లు తెరిచినాయి. ఒక్క చర్చి బావిలోనే నీళ్లు. అంతకు ముందు పాస్టరు కృపానందం, తవ్వినోళ్లకు చర్చి నుంచి గోధుమ నూక, నూనె ఇచ్చి తవ్వించిన బావి అది. బండ పగిలి నీళ్లు పడిన దినం ఆయన ఊర్లోకొచ్చి, రచ్చకట్ట ముందర నిలబడి చెప్పినాడు.

"ఇది అందరి బావి అప్పా. ఎవరైనా తోడుకోండి."

బదులు చెప్పింది శేషప్ప.

శేషప్ప అంటే మాటలా? నిండు పత్తి బోరెం మూటను పంటితో ఎత్తి బండిలో ఏసినోడు. బెదిరిన ఎద్దును కొమ్ములు పట్టి కూసోబెట్టినోడు. వాడు ఈడ తుమ్మితే ఎమ్మిగనూరులో మగ్గాలు ఆగేవి.

"గేరి బావి నీళ్లు తాగే గతి మాకింకా పట్టలేదు," అన్నాడు. ఊరి దిక్కు తిరిగి, "ఆ నీళ్లు ముట్టినోళ్ల పొయ్యిలోకి నిప్పు గూడ ఇయ్యొద్దు. వెలి," అన్నాడు.

కృపానందం తలొంచుకొని పోయినాడు.

కరువులో గూడ శేషప్ప ఇంట్లో కుండ నిండుగానే ఉండేది. "వంకలో చెలమ తవ్వినా నాయినా, ఊరుతాంది," అనేది వాళ్లమ్మ హనుమక్క. శేషప్ప మీసం దువ్వుకొని ఊరంతా చెప్పుకునేవాడు— వంక ఎండినా మా చెలమ ఎండదు, మా ఇంటి దేవుడు సామాన్యుడు గాదు, అని.

ఒక సాయంత్రం రచ్చకట్ట మీద చిన్నప్ప గెలికినాడు.

"అన్నా, ఎద్దును కూసోబెడితివి. చర్చికాడి దెయ్యాన్ని కూసోబెట్టు, సూద్దాం."

"కూసోబెట్టేదేంది. జుట్టు పట్టి ఈడికే ఈడ్సుకొస్తా. తెల్లారినాక దాని జడ మీరే కొలుద్దురు."

"పంచె తడవకుండా వస్తే సాలు లే."

అందరూ నవ్విరి. ఇంక పోకుంటే పేరు పోతుంది. ఆ రాత్రే పోయినాడు.

తుమ్మకంప వెనక నక్కి కూసున్నాడు. అమావాస్య దగ్గర. గాలి లేదు. ఎద్దును కూసోబెట్టిన చేతులు చెమట పట్టినాయి...

ఠంగ్.

గేరిలో దీపాలు ఆరినాయి. ఒకటి. ఇంకొకటి. అన్నీ.

వచ్చినాయి. తెల్లగా... వరసగా... వాని పక్కనుంచే. శేషప్పకు లేచి పారిపోదామనిపించింది. అయినా పేరు— పేరు ముఖ్యం. ఆకారాలు బావి చుట్టూ తిరిగినాయి, మళ్లీ వెనక్కి మళ్లినాయి. ఆఖరిది వంగి నడుస్తాంది, వెనకబడింది. దాని మీద దూకినాడు. ముసుగు లోపలికి చెయ్యి పెట్టినాడు. జుట్టు చిక్కింది.

సన్నగా ఉంది. పలచగా. ఆముదం వాసన...

"శేషూ," అన్నది దెయ్యం గుసగుసగా. "వదులప్పా. కుండ జారుతాంది."

వాని చెయ్యి వదలడం గూడ మరిచిపోయింది.

"అమ్మా... నువ్వా?"

"మెల్లగ. ముందర నీ పెండ్లాము ఉండాది, చిన్నప్ప తల్లి ఉండాది. బెదురుతారు."

హనుమక్క ముసుగు శేషప్ప పెండ్లి పంచె. అంచు వాడు గుర్తుపట్టినాడు.

"మరి చెలమ?"

"యాడిది చెలమ. వంకలో ఇసుక ఉండాది. ఉగాది నుంచి నువ్వు తాగేది ఈ నీళ్లే."

"ఆ గంట..."

"చర్చి అయ్యగారు కొడ్తాడు. అది ఇనపడితే గేరోళ్లు దీపాలార్పి తలుపులేసుకుంటారు— ఊరి ఆడోళ్లు వస్తాండారు, ఎవరూ సూడగూడదని. గిలకకు ఆముదం పూసేదీ వాళ్లే. దెయ్యం మాట మాత్రం మేమే పుట్టిస్తిమి, మీరు రాకుండ." కుండ సర్దుకుంది. "ఊర్లో నీ మాట పోగూడదంటే ఇంకేం సేసేదప్పా."

తెల్లారింది. రచ్చకట్ట నిండింది.

"యాడుందన్నా జడ?" అన్నాడు చిన్నప్ప.

శేషప్ప పిడికిట్లో నాలుగు తెల్ల వెంట్రుకలుండాయి. నిజం చెప్తే, వాడు పెట్టిన కట్టుబాటు ప్రకారమే ఇల్లిల్లూ వెలి. ఆ రాత్రి నుంచి బావికి పోయేదెవరు? పిడికిలి ఇంకా బిగించినాడు.

"భయమేసింది," అన్నాడు. "పారొచ్చినా. పంచె గూడ తడిసింది."

ఊరు ఊరంతా నవ్వింది. ఆ నవ్వు తుంగభద్ర అవతల కన్నడమోళ్లకు గూడ ఇనపడింది. అప్పుడే సైకిలు మీద అటు పోతాండిన కృపానందం దిగి నిలబడినాడు. ఆయన నవ్వలేదు.

"పాణం బాగుందా అప్పా?" అన్నాడంతే.

ఎద్దు కండ్లలోకి చూసిన శేషప్ప ఆయన చెప్పులు చూస్తా నిలబడినాడు. ఆడ, అందరి ముందర, వెలి తీసేసినా అని ఒక్క మాట అనుంటే అయిపోయేది. తలగుడ్డ సర్దుకొని ఇంటి దారి పట్టినాడు.

ఆ రాత్రి గంట మోగింది. హనుమక్క లేచి తడిమి చూస్తే కుండ లేదు. పెండ్లి పంచె గూడ లేదు.

అప్పటి నుంచి ఆ బావికాడ ఒక దెయ్యం ఎక్కువైంది అంటారు. శానా పొడుగు దెయ్యం. రెండు చేతుల్లో రెండు కుండలు, ముసుగు కింద మీసం. పగలు వచ్చే ధైర్యం దానికి ఎన్నటికీ రాలేదు.

అది బావి దగ్గరికి వస్తాంటే కృపానందం కిటికీలో లాంతరు ఆరిపోయేది— ఆడోళ్లకు ఆర్పినట్టే.